రెండు శ్రుతికి కాస్త పైన

మా మామయ్యకు జాజ్ అనే అమెరికా సంగీతం పిచ్చి పట్టింది రేడియో రిపేర్ల వల్లనే. కడపలో ఏడు రోడ్ల కూడలి దాటి కాస్త లోపలికి వెళ్తే ఒక సందులో ఆయన కొట్టు ఉండేది. బాగుచేసిన సెట్టులో షార్ట్‌వేవ్ సరిగా పలుకుతోందో లేదో పగలు తేల్చుకోవడం కష్టం. పొద్దుపోయాకే దూరపు స్టేషన్లు తేటగా అందుతాయి. అందుకని రాత్రి భోజనం చేసి మళ్ళీ కొట్టుకు వెళ్ళి, సెట్లన్నీ బల్ల మీద వరసగా పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూసేవాడు. అలా తిప్పుతుండగా వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానోవర్ గొంతు దొరికింది. 1955లో జాజ్ కార్యక్రమం మొదలుపెట్టి, 1996లో చనిపోయేదాకా దాన్ని వదలని మనిషి ఆయన. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్ళకు కూడా అందాలని ఒక్కొక్క మాటనూ నిదానంగా, విడివిడిగా పలికేవాడు. పదో తరగతితో చదువు ఆపేసిన మామయ్య ఆ గొంతు వల్లే కొత్త కొత్త పేర్లన్నీ నేర్చుకున్నాడు. ట్రంపెట్, శాక్సఫోను వాయించేవాళ్ళ పేర్లు రిపేరు బిల్లుల వెనక తెలుగులో రాసుకునేవాడు. ఆ బిల్లులు కొన్ని నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

షార్ట్‌వేవ్‌తో చిక్కేమిటంటే పాట మంచి పట్టులో ఉండగా శబ్దం సన్నగిల్లి, పాట అయిపోయాక తిరిగి వచ్చేది. ఒక్క పాటనైనా మొదటి నుంచి చివరిదాకా తెగకుండా వినాలన్న కోరికే ఆయనను ప్లేట్ల వైపు నడిపించింది. (మా ఇంట్లో అందరూ రికార్డులను ప్లేట్లనే అనేవారు. నేనూ అలాగే రాస్తాను.)

కడప ఊరికి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. బొంబాయి - మద్రాసు రైలు దారి మా ఊరి మీదుగానే పోతుంది. ఒక కొసన చోర్ బజారు, ఇంకో కొసన మూర్ మార్కెట్టు. 1985లో కాలిపోయేదాకా ఆ మూర్ మార్కెట్టులో పాత పుస్తకాల పక్కన పాత ప్లేట్ల గుట్టలు ఉండేవి. మామయ్య స్నేహితుడొకాయన రైల్వేలో గార్డు. ఆయనకు జాజ్ మీద ప్రత్యేకమైన ప్రేమేమీ ఉండేది కాదు, మామయ్య మీద ఉండేది. ఎక్కడికి డ్యూటీ పడితే అక్కడ వెతికి తెచ్చేవాడు. అన్నిటికంటే పెద్ద నిధి మాత్రం గుంతకల్లులో దొరికింది. అక్కడి రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. వాళ్ళలో ఇంజను డ్రైవరుగా రిటైరైన ఒక పెద్దాయన ఆస్ట్రేలియాకు వెళ్ళిపోతూ తన ప్లేట్లన్నీ ఒక ఇనుప పెట్టెలో సర్ది గార్డు గారికి అప్పగించాడు. డబ్బులు తీసుకున్నాడు కానీ ఒక్క మాట అడిగాడట: వేటినీ విడగొట్టి అమ్మకండి అని. మామయ్య ఆ మాట నిలబెట్టాడు.

ఆ పెట్టె వచ్చేనాటికి మామయ్య దగ్గర ఉన్నది సెరామిక్ కాట్రిడ్జి (సూది బిగించే భాగం) ఉన్న చిన్న రికార్డు ప్లేయరు. అది ప్లేటు మీద మోపే బరువు చూస్తే మామయ్యకు ప్రాణం విలవిలలాడేది. గుంతకల్లు పెట్టెలోని ప్లేట్లను దాని మీద పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. కొన్ని నెలలపాటు ఆ పెట్టెను తెరవడం, అట్టలు చూసుకోవడం, మూసేయడం, అంతే.

అప్పుడే ఒక సినిమా హాలువాళ్ళు పాత సామాను తీసేశారు. ఆట మొదలయ్యే ముందు, విశ్రాంతిలో పాటలు వేయడానికి వాళ్ళ దగ్గర ప్లేట్లు తిప్పే గరార్డ్ 301 యంత్రం ఒకటి ఉండేది. క్యాసెట్లు వచ్చాక అది మూలపడింది. ఇంగ్లండులోని స్విండన్‌లో 1950ల్లో తయారై, ప్రసార కేంద్రాల్లో రోజంతా తిరిగేందుకు పుట్టిన యంత్రం అది. దాని ఏర్పాటు ఎంతో సూటిగా ఉంటుంది. మోటారు ఇరుసు మీద మెట్లు మెట్లుగా ఉన్న చిన్న గిలక. దానికీ పళ్ళెం లోపలి అంచుకూ నడుమ ఒక రబ్బరు చక్రం. గిలక చక్రాన్ని తిప్పుతుంది, చక్రం పళ్ళేన్ని తిప్పుతుంది. బెల్టుతో తిరిగే వాటిలో లేని బలం ఇందులో ఉంది. డబుల్ బాస్ తీగను గట్టిగా లాగిన చోట, డ్రమ్ము మీద దెబ్బ పడిన చోట, ఆ బలం వినిపిస్తుందని నేను ఈ రోజుకూ నమ్ముతాను. నష్టమూ అక్కడే ఉంది. మోటారు వణుకు రబ్బరు చక్రం ద్వారా, చట్రం ద్వారా సూదికి చేరుతుంది. పాట మొదలవకముందు ఉండే ఖాళీ గాడిలో సన్నని గురగుర వినిపిస్తుంది.

ఆ గురగురను చంపడానికి ఇంగ్లండువాళ్ళు పలకరాతి దిమ్మెలు వాడతారని ఎక్కడో చదివాడు మామయ్య. రాయి మాట వచ్చాక కడపవాడు వేరే చోటికి చూడనక్కరలేదు. ఎర్రగుంట్ల వైపు నుంచి నల్ల నాపబండలు లారీల్లో దేశమంతా పోతుంటాయి. మా ఇళ్ళలో గూళ్ళకు, వంటింటి అరుగులకు, మెట్లకు అవే. కానీ గరార్డ్ కూర్చోవడానికి చతురస్రపు కంత చాలదు. దాని అడుగు భాగం వంకరటింకరగా ఉంటుంది, ఆ వంకరలన్నీ రాతిలో రావాలి. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర వెంట కొడితే చక్కగా విడుతుంది, అడ్డంగా తొలిస్తే ఎటు పగులుతుందో చెప్పలేం.

బండలు పరిచే మేస్త్రి ఒకాయన ఈ పనికి ఒప్పుకున్నాడు. మొదటి బండ మూల విరిగింది. రెండోసారి ఆయన ఉలితో నేరుగా కొట్టలేదు. సుద్దతో గీసిన గీత వెంట చేతి బర్మాతో చిన్న చిన్న రంధ్రాలు వరసగా వేసుకుంటూ పోయాడు. ప్రతి రంధ్రానికీ నీళ్ళు పోస్తూ, రాతిపొడి బురదను వేలితో తీసేస్తూ, మధ్యమధ్య బండను తట్టి చెవి పెట్టి వినేవాడు. గణగణమని పలికినంతసేపు పగులు లేనట్టే. గుల్లగా పలికితే చేయి ఆపేవాడు. ఆ వినడం చూసి మామయ్య ముచ్చటపడిపోయాడు. తరువాత ఆ మేస్త్రిని ఆదివారాల్లో ప్లేట్లు వినే మా బైఠక్‌కు పిలిచి కూర్చోబెట్టాడు కూడా. అలా తొలిచిన రెండు బండలు ఒకదాని మీద ఒకటి పెట్టి, నడుమ పాత లారీ ట్యూబు ముక్కలు సర్ది, పైన గరార్డ్‌ను దించారు. సూది ఖాళీ గాడిలో దిగింది. స్పీకరుకు చెవి ఆనిస్తే తప్ప గురగుర వినిపించలేదు.

మిగతా సామాను సంగతి క్లుప్తంగా చెబుతాను. బొంబాయి నుంచి వచ్చిన ఎస్.ఎం.ఇ. 3009 ఆర్మ్ (కాట్రిడ్జిని మోసే కడ్డీ), ష్యూర్ కాట్రిడ్జి. సూది బరువు గ్రామున్నర మించనిచ్చేవాడు కాదు. ఆంప్లిఫయరు సొంతంగా చేసుకున్నది, బెంగళూరు బి.ఇ.ఎల్. వాల్వులతో. స్పీకర్లు ఫిలిప్స్‌వి, డబ్బాలు మా ఊరి వడ్రంగి చేసినవి, లోపల బూరుగు దూది. ఇందులో ఆయన ఎక్కువ శ్రమపడింది ఆంప్లిఫయరులో కాట్రిడ్జి నుంచి వచ్చేదాన్ని అందుకునే ఫోనో విభాగం దగ్గర. ప్లేటు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని హెచ్చించి కోస్తారు. లేకపోతే మంద్రస్వరాల గాడులు పక్క గాడిలోకి పోతాయి, తారస్వరాలు రాపిడి చప్పుడులో మునిగిపోతాయి. వినేటప్పుడు దాన్ని సరిగ్గా తిరగేయాలి. 1954లో అమెరికా రికార్డు కంపెనీలు ఆ లెక్కను ఒకే తీరుగా స్థిరపరిచాయి. ఆ తిరగేసే సర్క్యూటులో ఒక కెపాసిటర్ విలువ కాస్త తేడా ఉన్నా శాక్సఫోనుకు జలుబు చేస్తుందనేవాడు మామయ్య. కొట్టులో ఉన్న కెపాసిటర్లన్నీ కొలిచి, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, సరిగ్గా జతపడేవి ఏరి పెట్టుకున్నాడు.

కాట్రిడ్జి నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. దాన్ని అంత పెద్దది చేస్తున్నప్పుడు కరెంటు హోరు కూడా వెంట వస్తుంది. అందుకని పెరట్లో ప్రత్యేకంగా ఎర్తు గుంత తవ్వించి బొగ్గు, ఉప్పు వేయించాడు. కడప ఎండల్లో ఆ నేల ఎండిపోతే హోరు మొదలయ్యేది. ఆదివారం సాయంత్రం ఆ గుంతలో రెండు బిందెల నీళ్ళు పోయడం నా పని. ప్లేట్లు తుడవడం కూడా నా పనే. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీళ్ళు, మెత్తని మల్లుగుడ్డ, గాడి వెంట గుండ్రంగా మాత్రమే తుడవాలి. ప్లేట్లన్నీ మిద్దె ఇంటి లోపలి గదిలో నిలువుగా నిలబెట్టి ఉండేవి. మే నెలలో బయటి గదిలో ఒక మధ్యాహ్నం పడుకోబెట్టి వదిలేస్తే ప్లేటు వంగిపోతుంది. వేసవిలో రాత్రి తొమ్మిది దాటితేనే పాట.

ఇక అయ్యవారి గురించి చెప్పాలి. నిజానికి ఇదంతా రాయడానికి కూర్చున్నదే ఆయన కోసం.

ఆయన వయొలిన్ విద్వాంసులు. దేవుని కడప బ్రహ్మోత్సవాల్లో వాయించేవారు, ఇంటి దగ్గర పిల్లలకు పాఠం చెప్పేవారు. రేడియో బాగుచేయించుకోవడానికి కొట్టుకు వచ్చి, అక్కడ మోగుతున్నది విని కూర్చుండిపోయారు. ఆ తరువాత ఆదివారాలు తప్పలేదు. అప్పుడప్పుడు మృదంగం వాయించే తమ స్నేహితుణ్ణి వెంట తీసుకొచ్చేవారు. డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన ‘టేక్ ఫైవ్’ మొదటిసారి వేసినప్పుడు ఆ మృదంగం వాయించే స్నేహితుడు తన తొడ మీద తాళం వేస్తూ వేస్తూ ఒకచోట ఆగి, “ఇది మన ఖండచాపు కాదండీ, తలకిందులుగా ఉంది” అన్నారు. నిజమే. మన ఖండచాపు రెండూ మూడూగా నడుస్తుంది, అది మూడూ రెండుగా నడుస్తుంది. ఐదే, కానీ ఒరుగు వేరు. 1958లో బ్రూబెక్ మద్రాసుకు కూడా వచ్చి వాయించి వెళ్ళాడని మామయ్య చెబితే, ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే రైలెక్కి వెళ్ళేవాణ్ణి కదా అని ఆయన నిజంగా బాధపడ్డారు.

అయ్యవారి మనసు పడింది మాత్రం ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ మీద. గుంతకల్లు పెట్టెలో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఉంది. ఎర్రని లేబులు మీద అటు మూడు, ఇటు మూడు కన్నుల బొమ్మలున్న పాత కొలంబియా ప్లేటు. మొదటి పాట ‘సో వాట్’. పియానో, బాస్ ఏదో వెతుక్కుంటున్నట్టు మొదలై, బాస్ ఒక ప్రశ్న వేస్తుంది, మిగతావాళ్ళు రెండే రెండు దెబ్బల్లో జవాబు చెబుతారు. తరువాత ట్రంపెట్ వచ్చి కొద్దిపాటి స్వరాలతో విస్తారంగా ఖాళీ వదులుతూ మాట్లాడుతుంది. ఆ ఖాళీలు అయ్యవారికి వెంటనే అర్థమయ్యాయి. కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విని, “ఖరహరప్రియ” అన్నారు. పాశ్చాత్యులు డోరియన్ అనే ఆ స్వరవరుస మన ఖరహరప్రియ స్వరస్థానాలే. అంతకుముందు జాజ్‌లో వాయించేవాళ్ళు గబగబా మారే కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వెంట పరుగెత్తవలసి వచ్చేది. ఈ పాటలో పదహారు తాళపు కొలతల దాకా ఒకే స్వరవరుస మీద నిలబడి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లే సంగీతం, చూపించవచ్చు. అందుకే కాబోలు, కచేరీలో స్వరకల్పన విన్న చెవికి అది పరాయిగా అనిపించదు. ఆ తరువాత ఎనిమిది కొలతలు మొత్తం వరుస అర స్వరం పైకి జరిగి, మళ్ళీ కిందికి దిగుతుంది. ఆధార షడ్జమే కదిలిపోయే ఆ చోట అయ్యవారు ప్రతిసారీ కుర్చీలో సర్దుకుని కూర్చునేవారు. ఆ బృందంలోని కోల్ట్రేన్ టెనర్ శాక్సఫోను ఎత్తుకున్నప్పుడు మాత్రం కదిలేవారు కాదు.

ఒక ఆదివారం ఆయన వయొలిన్ తెచ్చారు, ప్లేటుతో పాటు వాయించి చూద్దామని. ‘సో వాట్’ రెండు శ్రుతిలో ఉండాలి (మన సంగీతంలో ఆధార స్వరాన్ని ఇలా అంకెలతో చెబుతారు). శ్రుతి పైపు ఊది తీగలు సరిచేసుకున్నారు. సూది దించగానే ముఖం చిట్లించారు. “రెండు శ్రుతికి కాస్త పైన ఉంది. రెండున్నర కాదు, నడుమ ఉంది” అన్నారు. ప్లేటు తిప్పి రెండో వైపు ‘ఆల్ బ్లూస్’ వేస్తే ఐదు శ్రుతికి చక్కగా కుదిరింది. మళ్ళీ మొదటి వైపు వేస్తే మళ్ళీ పైన.

మామయ్యకు ఇది అవమానంగానే తోచింది. గరార్డ్ వేగం మీద ఆయనకు అంత పట్టింపు. వెంటనే వేగం సరిచూసే స్ట్రోబ్ చక్రం తీశాడు. దాని మీద 180 గీతలుంటాయి. ట్యూబ్‌లైటు సెకనుకు నూరుసార్లు మిణుకుతుంది కాబట్టి, ప్లేటు నిమిషానికి సరిగ్గా ముప్పై మూడూ ఒక మూడో వంతు, అంటే నూరులో మూడో వంతు చుట్లు తిరిగితే ఆ గీతలు నిలిచినట్టు కనిపిస్తాయి. గీతలు నిలిచే ఉన్నాయి. కానీ ఆ రోజుల్లో కరెంటు ఫ్రీక్వెన్సీ యాభై దగ్గర నిలిచేది కాదు, లోడు పెరిగిన సాయంత్రాల్లో దిగిపోయేది. ఫ్రీక్వెన్సీ దిగితే ట్యూబ్‌లైటు మిణుకూ తగ్గుతుంది, మోటారు వేగమూ తగ్గుతుంది. వేగం తప్పినా గీతలు కదలవు. కొలబద్దే సాగిపోయినప్పుడు దానితో గుడ్డను ఏం కొలుస్తాం?

మామయ్యకు ఇంకో ఉపాయం తెలుసు. మూడు నిమిషాల్లో ప్లేటు సరిగ్గా నూరు చుట్లు తిరగాలి. లేబులు మీద చిన్న కాగితపు ముక్క అంటించి, చేతిలో హెచ్.ఎం.టి. గడియారం పట్టుకుని నన్ను లెక్కపెట్టమన్నాడు. ఒక్క చుట్టు తేడా వస్తే నూటికి ఒకటి తప్పు. కరెంటుతో, లైటుతో ఈ లెక్కకు సంబంధం లేదు. గరార్డ్‌కు ఉన్న సన్న సర్దుబాటు గుండీని తిప్పుతూ, లెక్కపెడుతూ, నూరుకు తెచ్చాం. మొదటి వైపు వేశాం. అయ్యవారు తీగ మీటి తల అడ్డంగా ఊపారు.

“పళ్ళెం ఒకటే, వేగం ఒకటే, ప్లేటు ఒకటే. ఒక వైపు కుదిరి ఒక వైపు కుదరలేదంటే తప్పు మన దగ్గర లేదు అయ్యవారూ” అన్నాడు మామయ్య.

“అంత గొప్పగా వాయించినవాళ్ళు శ్రుతి చూసుకోకుండా ఉంటారా?” అన్నారు అయ్యవారు. ఆ ప్రశ్నలో వాళ్ళ మీద ఆయనకున్న గౌరవమంతా ఉంది.

“వాయించినవాళ్ళది కాదు. పట్టిన మిషనుది అయ్యుంటుంది.”

అప్పుడు అయ్యవారు గుండీని తగ్గించమన్నారు. ఆయన తీగ మీటుతూ ఉంటే మామయ్య వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోయాడు. “అదీ” అన్నచోట ఆపి నన్ను మళ్ళీ లెక్కపెట్టమన్నారు. నూరు రావలసిన చోట తొంభై తొమ్మిది కూడా పూర్తిగా రాలేదు. మామయ్య గుండీ నిలిచిన చోటును రాతి మీద తెల్ల పెన్సిలుతో గీశాడు. ఒక చీటీ మీద ‘మొదటి వైపు శ్రుతి హెచ్చు, నూటికి ఒకటికి పైన’ అని రాసి అట్టలోపల పెట్టాడు. ఆ పూట అలా తగ్గించి విన్నాం. తరువాత మాత్రం నూరు చుట్ల మీదే వినేవాళ్ళం. ఊరూరా అందరూ విన్నట్టే మనమూ విందాం అన్నది మామయ్య నియమం. అయ్యవారు ఆ ఒక్క ప్లేటు కోసం వయొలిన్ శ్రుతి కాస్త పెంచుకునేవారు.

1992లో ఆ రికార్డింగును కొత్తగా సిద్ధం చేస్తున్నవాళ్ళు అసలు సంగతి బయటపెట్టారు. 1959 మార్చి 2న న్యూయార్క్‌లోని కొలంబియా వారి 30వ వీధి స్టూడియోలో మొదటి వైపు మూడు పాటలూ పట్టారు. ఆ రోజు ప్రధాన టేపు మిషను కొద్దిగా నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా పట్టినదాన్ని సరైన వేగంతో వినిపిస్తే శ్రుతి పెరుగుతుంది. ఏప్రిల్ 22న పట్టిన రెండో వైపుకు ఆ దోషం లేదు. పక్కనే నడిచిన రెండో మిషను టేపు సరిగ్గా ఉండటంతో దాన్ని తీసుకుని దిద్దారు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా విన్నది హెచ్చు శ్రుతినే.

నాకు ఈ విషయం ఆలస్యంగా, బెంగళూరులో ఉద్యోగంలో ఉండగా ఒక పత్రికలో కనిపించింది. దిద్దిన సీడీ కొనుక్కుని కడపకు వెళ్ళాను. మామయ్యకు ఆ పేరా చదివి వినిపిస్తే, “మళ్ళీ చదువు” అన్నాడు. మళ్ళీ చదివాను. లేచి చొక్కా వేసుకుని అయ్యవారింటికి తానే వెళ్ళి వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికి అయ్యవారి చేతులకు వయొలిన్ పట్టే ఓపిక లేదు, చెవులు మాత్రం చెక్కుచెదరలేదు. సీడీ పెట్టాం. శ్రుతి పైపు ఊదారు. రెండు శ్రుతి. తరువాత గరార్డ్ మీద పాత ప్లేటు పెట్టి, గుండీని రాతి మీది పెన్సిలు గీత దగ్గరకు తిప్పి, సీడీనీ ప్లేటునూ మార్చి మార్చి వినిపించాడు మామయ్య. రెండూ ఒకే చోట నిలిచాయి. గీతకూ ఆ టేపుకూ నడుమ ఎన్నేళ్ళు, ఎంత దూరం! కడప మిద్దె ఇంట్లో కూర్చుని ఒక మనిషి చెవితో పట్టుకున్న తప్పు అది. ఖరీదైన సామాను గురించి ఎవరు ఎంత చెప్పినా నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ చెవే.

అయ్యవారు పెద్దగా ఏమీ అనలేదు. “నేను అనుకుంటూనే ఉన్నాను, వాళ్ళు అట్లా వాయించరని” అన్నారు. కాస్త ఆగి, “సరే, రెండో వైపు వేయండి నాయనా” అన్నారు.

మామయ్య పోయాక గరార్డ్, బండలు, పెట్టె నా దగ్గరకు వచ్చాయి. రబ్బరు చక్రం గట్టిపడిపోతే కొత్త రబ్బరు వేయించాను. ష్యూర్ వాళ్ళు 2018లో కాట్రిడ్జిల తయారీ ఆపేశారు కాబట్టి ఇప్పుడు ఆర్మ్ చివర వేరేది ఉంది. బాగుంది కానీ ట్రంపెట్‌లో ఆ పాత ముదురు రంగు కొంచెం తగ్గిందని నా అభిప్రాయం. అయ్యవారి మనుమరాలు కడపలోనే వయొలిన్ పాఠాలు చెబుతోంది. సెలవుల్లో నేను ఊరికి వెళ్ళినప్పుడు శిష్యులను తీసుకుని వస్తుంది. పోయినసారి ఒక కుర్రాడు ‘సో వాట్’ సగంలో చేయెత్తి, శ్రుతి ఎక్కువగా ఉందేమిటండీ అని అడిగాడు. అట్టలోని చీటీ తీసి అతని చేతికిచ్చాను.